తల్లి లేని మేరీ

మా అమ్మ చనిపోయిందన్న సంగతి నాకు మొన్ననే తెలిసింది. ఆ సమయానికి ఆమె పక్కగదిలో మంచం మీద కూర్చుని, టీలో నానబెట్టిన బిస్కెట్టు తింటూ, టీవీ సౌండు పెంచమని నన్ను కేకేస్తోంది. నేను పుట్టిన కొద్దికాలానికే ఆమె కరువులో తిండి లేక పోయిందట. దారి పక్కన పడి ఉన్న నన్ను ఎవరో చూసి మిషన్ బంగళాకు తెచ్చారట. దిక్కులేని నన్ను ఆ దేవుడే కాపాడాడట. ఇదంతా నాకు చెప్పిన మనిషి అబద్ధాలాడే మనిషి కాదు. పైగా చెబుతున్నప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. తాను చెబుతున్నది నా గురించేనని మాత్రం ఆమెకు తెలియదు.

ఆమె పేరు రూతు. మా చిన్నప్పుడు మిషన్ కాంపౌండులో ఉన్న తెల్లదొరగారి కూతురు, నాకంటే మూడేళ్ళు పెద్ద. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, మనుషుల పేర్లు కూడా మార్చాను. అక్కడి ఆడపిల్లల హాస్టలు ఇప్పటికీ నడుస్తోంది, ఊరికే ఎవరినీ రచ్చకీడ్చడం నాకిష్టం లేదు. మాచర్ల దారిలో, నాపరాళ్ళ గనుల దుమ్ము పడే ఊళ్ళలో అదొకటి అనుకుంటే చాలు. మా నాన్న ఆ గనుల్లోనే రాయి మీద పడి పోయాడు, నేను ఇంకా నడక నేర్వకముందే. అమ్మ దొరగారింట్లో ఆయాగా కుదిరింది. ఆ జీతంతోనే నన్ను చదివించింది. నేను టీచరునై పల్నాడు సగం తిరిగి, రిటైరయ్యాక నరసరావుపేటలో ఇల్లు కట్టుకుని ఆమెను నా దగ్గరికి తెచ్చుకున్నాను. రూతు ఇన్నేళ్ళ తర్వాత ఆ కాంపౌండు చూడటానికి వచ్చి, మా ఆయా దీనమ్మ ఎక్కడుందని అడిగితే, అక్కడి పాస్టరుగారు నా ఫోన్ నంబరు ఇచ్చారట.

కారు దిగి గేటు తీసుకుని వస్తూనే, "ఏంది రత్నం, అట్టా జూస్తా ఉండావు? నేనే, రూతును" అంది. యాభై ఏళ్ళ కిందట వదిలేసి వెళ్ళిన భాష ఆ తెల్లజుట్టు ముసలామె నోట్లో చెక్కుచెదరకుండా ఉంది. అదీ పుస్తకాల తెలుగు కాదు. వాళ్ళ నాన్నగారిది బైబిలు తెలుగు. మేకలు కాసుకునేవాణ్ణి కూడా ఆపి "నీవు క్షేమముగా నున్నావా" అని అడిగేవాడు. ఈమెది మా పల్లె తెలుగు, అందులోనూ అయిదారేళ్ళ పిల్ల మాట్లాడే తెలుగు. బువ్వ, బూచోడు, యాడికి బొయ్యావు, కొడతా చూడు. వింటుంటే మా అమ్మ వయసులో ఉన్నప్పటి గొంతు విన్నట్టే ఉంది. ఆమె లోపలికి వచ్చి అమ్మ మంచం పక్కన నేల మీదే కూలబడింది. అమ్మ ఆమె తల తడిమి, "జుట్టంతా కత్తిరించుకున్నావేంది పాపా, పేలు బడ్డయ్యా" అంది. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. ఈ వయసులో కూడా నాకు కాస్త కుళ్ళు పుట్టింది, దాచడమెందుకు.

ఆ కాంపౌండులో నా బాల్యమంతా రొట్టె కాలే వాసనతో నిండి ఉంటుంది. గోడ బయట ఎండాకాలమంతా ఒకటే మిరపకాయల ఘాటు, గోడ లోపల తెల్లారేసరికి వంటవాడు పొయ్యిలో పెట్టిన రొట్టె వాసన. గేటు దాటి లోపలికి అడుగుపెడితే ముక్కు వేరే దేశానికి పోయినట్టుండేది. దొరసానమ్మ టమాటాలను, ఆకుకూరలను ఊదారంగు మందు నీళ్ళల్లో నానబెట్టనిదే వంటింట్లోకి రానిచ్చేది కాదు. నీళ్ళు కాచేవాళ్ళు, వడపోసేవాళ్ళు, మళ్ళీ కాచేవాళ్ళు. దొరగారు ప్రార్థన లేకుండా ఏ పనీ మొదలుపెట్టేవాడు కాదు. భోజనానికి ముందు ప్రార్థన, టీకి ముందు ప్రార్థన, జీపు స్టార్టు చేసే ముందు ప్రార్థన, అది స్టార్టు కాకపోతే ఇంకొంచెం పెద్ద ప్రార్థన. మా అమ్మ తెల్లచీర కట్టుకుని బంగళాలో అడుగుల చప్పుడు లేకుండా తిరిగేది. నేను వెనకవైపు వసారాలో పలక పట్టుకుని కూర్చునేదాన్ని. దొరసానమ్మ హార్మోనియం ముందు కూర్చుని కీర్తన అందుకుంటే, వంటింట్లో అమ్మ అంట్లు తోముతూ రెండో చరణం పాడేది.

క్రిస్మసుకు ముందు వాళ్ళ దేశం నుంచి పీపాలు వచ్చేవి. పీపా మూత తీస్తే చాలు, కలరా ఉండల వాసన కాంపౌండంతా చుట్టేసేది. అక్కడి చర్చి సంఘాల ఆడవాళ్ళు ఇక్కడి పేదల కోసమని కట్టిపంపిన పాత బట్టలు. పాపం వాళ్ళకు పల్నాడు ఎండ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పినట్టు లేరు. ఉన్ని కోట్లు, ఉన్ని మేజోళ్ళు, మెడకు చుట్టుకునే ఉన్ని పట్టీలు. మా గుడి పెద్ద ఒకాయన ఆడవాళ్ళ బొచ్చుకోటు తొడుక్కుని, చెమటలు కారుతుండగా, ఎంతో హుందాగా వాక్యం చదివేవాడు. ఎవరూ నవ్వేవాళ్ళం కాదు, అది దొరలిచ్చిన కోటు. నాకు మాత్రం ఏటా ఒక స్వెట్టరు దక్కేది. మిగతావాళ్ళ బట్టలు వేలాడేవి, బిగిసేవి, నా స్వెట్టరు మాత్రం కొలత తీసి అల్లినట్టు సరిగ్గా సరిపోయేది. ఏటికేడు నాతోపాటే పెరుగుతూ వచ్చేది. అదృష్టమంటే నాదేనని మిగతా పిల్లలు ఏడ్చేవాళ్ళు.

అన్నిటికంటే సరదా ఫొటోల సంగతి. కొన్నేళ్ళకొకసారి దొరగారి కుటుంబం సెలవు మీద సొంత దేశం పోయేది. అక్కడ సంఘం సంఘానికీ తిరిగి, హాలు చీకటి చేసి, గోడ మీద మా బొమ్మలు చూపించి, ఇక్కడి పేదలకు సాయం చేయమని అడగాలి. అందుకని పోయే ముందు దొరగారు ఫొటోలు దించేవాడు. ఈ కబురు తెలిస్తే చాలు, మా పల్లెలో పెళ్ళి హడావుడి. పెట్టెల్లోంచి క్రిస్మసు బట్టలు బయటికొచ్చేవి. తలకు నూనె, మొహానికి పౌడరు. మందులిచ్చే కాంపౌండరుగారి వాచీ ఒకటే, అది పల్లెలోని చేతులన్నిటికీ వరసగా తిరిగేది. ఒకాయన ఎవరిదో రేడియో చంకలో పెట్టుకుని నిలబడేవాడు. దొరగారు తల పట్టుకుని, "సహోదరుడా, నీవు పొలములో పనిచేయు వస్త్రములతో రమ్ము" అని బతిమాలేవాడు. "ఆ గుడ్డలతో ఫొటో దిగుతారంటయ్యా ఎవరైనా, దొరకు మతి బోయింది" అని మావాళ్ళు నవ్వేవాళ్ళు. మేం పేదవాళ్ళమని మాకు తెలుసు. ఆ సంగతి ఫొటోకు కూడా తెలియనివ్వడం మా వాళ్ళకు ఇష్టం లేదు. ఇంత ముస్తాబైన జనాన్ని చూపించి ఆ దొర సాయమని ఎలా అడిగాడో, అక్కడివాళ్ళు ఎలా నమ్మారో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

రూతు మొన్న తెచ్చినవి ఆ ఫొటోలే. వాళ్ళ అమ్మానాన్నలు పోయాక ఇంట్లో దొరికిన బొమ్మలన్నిటినీ ట్యాబులోకి ఎక్కించి తెచ్చింది. సోఫాలో పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటే వేలితో జరుపుతూ చూశాం. వాచీ పెట్టుకున్న మనుషులు, రేడియో పట్టుకున్న మనుషులు. కడుపు నొప్పి పుట్టేలా నవ్వుతూ ఉండగా వచ్చింది ఆ ఫొటో. మూడేళ్ళ పిల్ల బంగళా మెట్ల మీద కూర్చుని ఉంది. ఒంటి మీద గుడ్డ పీలిక. జుట్టు జడలు కట్టి నెత్తికి అంటుకుపోయింది. కళ్ళు వాచి సగమే తెరుచుకుని ఉన్నాయి. రెండు చేతులూ కమిలి, ఒళ్ళో అరచేతులు పైకి పెట్టుకుని ఉంది. నా నవ్వు ఆగిపోయింది. టీచరుగా ఎన్నో బీదపిల్లల మొహాలు చూశాను గానీ, అంత ఆశ లేని మొహం చూడలేదు.

"ఇది మేరీ" అంది రూతు. తల్లి కరువులో పోయిన సంగతీ, దారి పక్కన దొరికిన సంగతీ అప్పుడే చెప్పింది. ఆ ఫొటో వాళ్ళ ఊరి చర్చి హాల్లో గోడకు ఈనాటికీ ఉందట. ఆ పిల్లను చూసే అక్కడివాళ్ళు కరిగిపోయి, ఇలాంటి పిల్లలకు ఒక నీడ ఉండాలని హాస్టలు కట్టించారట. ఇప్పటికీ సాయం పంపుతున్నారు. "మా మేనత్త అయితే ఏటేటా దానికి స్వెట్టరు అల్లి పంపేది. ఈ ఏటికి ఇంత పెరిగి ఉంటదని లెక్కేసుకోని అల్లేది. పోయేదాకా ఆ తల్లి లేని బిడ్డకోసం ప్రార్థన జేసింది" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మేరీ ఏమయిందో కనుక్కోని రమ్మని మా సంఘపోళ్ళు చెప్పి పంపినారు. నీకేమన్నా తెలుసా రత్నం?" అని అడిగింది.

నేను ఆ ఫొటోలోని పిల్ల ఎడమ చెవి చూస్తున్నాను. తమ్మె కింద రెండుగా చీలి ఉంది. పాలు తాగే వయసులో నా కమ్మ అమ్మ చీరకు తగులుకుని తెగిన చెవి అది. అందుకే నేను ఈనాటికీ దుద్దులు ఆ చీలికకు పైన కుట్టించుకున్న రంధ్రానికి పెట్టుకుంటాను. నాకు తెలియకుండానే నా చెయ్యి చెవి మీదికి పోయింది. రూతు నా చేతిని చూసింది, చెవిని చూసింది, ట్యాబు చూసింది. పక్కగదిలో టీవీలో ఎవరో గట్టిగా వంట గురించి చెబుతున్నారు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నలభై ఏళ్ళు పిల్లలకు అబద్ధమాడకూడదని పాఠాలు చెప్పినదాన్ని. నా మొహమే ఒక అబద్ధమై ఎక్కడో గోడకు వేలాడుతోందని తెలిస్తే ఎలా ఉంటుంది. అంతా ఇట్టే అర్థమైపోయింది అనుకున్నాను. ముస్తాబైన జనమే గానీ బీదగా కనిపించేవాళ్ళు ఒక్కరూ దొరక్కపోయేసరికి, పనిమనిషి కూతురు చేతికందింది. నూనె కడిగేసి, దుమ్ము పూసి, పీలిక చుట్టి కూర్చోబెట్టాడు. తల్లి లోపల వీళ్ళ పిల్లకు పాలు కలుపుతుండగా ఆమెను చంపేశాడు. "మీ నాన్న పెద్దమనిషనుకున్నాను" అన్నాను. "మా నాయన అట్టా జెయ్యడు రత్నం" అంది రూతు. "చేశాడుగా, చూడు" అన్నాను. ఆమె తల దించుకుంది. వయసులో నాకంటే పెద్ద, మా ఇంటికి వచ్చిన మనిషి, అయినా నాకు ఆ క్షణాన జాలి కలగలేదు.

ట్యాబు తీసుకుపోయి అమ్మ ముందు పెట్టాను, టీవీ కట్టేశాను. అమ్మ దాన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఆ దొరను తిడుతుందనుకున్నాను.

"ఇదా. ఇది నేనే తీపిచ్చినా" అంది.

నాకు అర్థం కాలేదు. "అమ్మా, ఈ పిల్లకు తల్లి లేదని అక్కడ చెప్పారంట. నువ్వు చచ్చిపోయావంట."

"తల్లి లేదని రాయమన్నది గూడా నేనే."

అరవై దాటిన దాన్ని, ఎనభై దాటిన మనిషి మీద కేకలేశాను. బతికుండగా లేనని చెప్పుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా అన్నాను. దొరలిచ్చే పాలపొడి కోసమా, స్వెట్టరు కోసమా అన్నాను. నాకు దుమ్ము పూసింది కూడా నువ్వేనా అని అడిగాను. రూతు గుమ్మంలో నిలబడి వింటోంది. అమ్మ నన్ను అరవనిచ్చింది. అరిచి అరిచి నేను మంచం పట్టె మీద కూర్చున్నాక, ట్యాబు ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

"దుమ్ము ఎవురూ పుయ్యలా. ఆ ఏడు ఎండలకు నన్ను ఈళ్ళతో గూడా కొడైకెనాలు కొండకు తీసకబొయ్యినారు. ఈ పాపకు చానా జబ్బుగా ఉండె. నేను పెట్టందే మెతుకు ముట్టేది గాదు. నిన్ను గూడా తెచ్చుకుంటానంటే దొరసాని ఒప్పుకోలా, పిల్లలకు ఒకరి జబ్బు ఒకరికి అంటుద్దంది. రానంటే పని బోతది. అందుకని నిన్ను ముప్పాళ్ళలో మా అమ్మ కాడ వదిలిపెట్టినా. ఆమె మాత్రం ఇంట్లో కూకుంటే ఎట్టా జరుగుద్ది? మిరపకల్లాల్లో తాలుకాయలు ఏరబొయ్యేది. నిన్నూ ఆ కాయల పక్కనే కూకోబెట్టేది. ఆ ఘాటు కళ్ళల్లో బడి, ఆ చేతులతోనే రుద్దుకోని, అట్టా అయినావు. వానలు బడినాక మేం కొండ దిగినాం. బస్సు దిగి నేరుగా మా అమ్మ ఇంటికే వచ్చినా. నువ్వు గుమ్మంలో కూకోనుండావు, ఇదిగో, ఈ ఫొటోలో ఎట్టుండావో అట్టనే. రా అమ్మా అని చేతులు జాపినా. నువ్వు లేచి మా అమ్మ చీర ఎనకాలకు బొయ్యి, అమ్మమ్మా, ఎవురీమె అన్నావు."

అమ్మ టీ గ్లాసు కోసం చూసుకుంటే రూతు అందించింది.

"నిన్ను ఎత్తుకోని బంగళాకు వచ్చినా. దారంతా నా చంకలో నిలవలా, ఏడుస్తానే ఉండావు. దొర వసారాలో కెమెరా పెట్టుకోని కూకోనుండాడు. చూసి లేచి నిలబడినాడు. ఈ పిల్లను కడిగి తెమ్ము, దించెదను అన్నాడు. కడగను దొరా, ఇట్టనే దించండి అన్నా. దించినాడు. కింద ఏమని వ్రాయవలెను అన్నాడు. తల్లి లేదని రాయండి అన్నా. తప్పు దీనమ్మా, నీవు ఉన్నావు గదా అన్నాడు. నేను దీని తల్లినైతే దీనికి తెలవదా దొరా అన్నా. ఆయన లోపలికి బొయ్యి తలుపేసుకున్నాడు. ఆ తరవాత నన్ను కొండకు రమ్మని ఎన్నడూ అడగలా. నేను గూడా పోలా."

నాకు ఆ ఎండాకాలం ఏ మాత్రం గుర్తు లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నా చిన్నతనమంతా అమ్మ కొంగు పట్టుకుని గడిచిందని ఇన్నాళ్ళూ నమ్మాను, చెప్పుకున్నాను, పిల్లలకు వ్యాసాల్లో రాయించాను. కరువును ఎవరు కలిపారో, దారి పక్కన దొరికిందని ఎవరు చేర్చారో అమ్మకు తెలియదు. దొరగారే అన్నాడో, ఆ దేశంలో నోటా నోటా పెరిగిందో, ఆ కథకు కాళ్ళూ చేతులూ వచ్చాయి. పేరు మార్చడం మాత్రం ఆయన పనే అయి ఉంటుంది. ఆ మాత్రం సిగ్గు ఉన్న మనిషే. ఏది ఏమైనా ఫొటో మాత్రం అబద్ధం కాదు. ముస్తాబు చేసుకున్న ఊరంతటిలో ఉన్నదున్నట్టు దిగినదాన్ని నేనొక్కదాన్నే.

మా సంఘంలో ఒకమ్మాయి ఇప్పుడు కువైట్‌లో ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకుంటోంది. ఈపూరు నుంచి, అచ్చంపేట నుంచి అలా పోయినవాళ్ళు ఎందరో. ఈమె కూతురు మా వీధిలోనే అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆదివారం గుడి అయ్యాక అక్కడి నుంచి వీడియో కాల్ వస్తుంది, మాట్లాడవే అని ఫోను చేతికిస్తే ఆ పిల్ల ఫోను కింద పెట్టి పారిపోతుంది. చూడు, కన్నతల్లి మీద ప్రేమ లేదు ఈ కాలం పిల్లలకు అని నేనే ఎన్నోసార్లు అన్నాను. మా కాలంలో పిల్లలం తల్లికి ఎంత అతుక్కుని ఉండేవాళ్ళమో ఆ అమ్మమ్మకు ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ తల్లి అదే సమయానికి అక్కడ ఎవరి కూతురికి జడ వేస్తూ ఉందో అని నాకెప్పుడూ తోచలేదు. కాలం మారింది మారింది అంటాం. ఫోన్లు వచ్చాయి గానీ, పిల్ల పారిపోవడం మారలేదు.

రూతు వచ్చి అమ్మ మంచం దగ్గరే నేల మీద కూర్చుని ఉంది. "దానికేం తెలుసే, పసిపిల్ల. దాన్నేమీ అనమాక" అంది అమ్మ నాతో, డెబ్భై దగ్గరపడుతున్న ఆమెను చూపిస్తూ. నాకు కోపం దిగిపోయి గుబులు పట్టుకుంది. హాస్టల్లో ఇప్పుడున్న ఆడపిల్లలు గుర్తొచ్చారు. ఆ సాయం మీదనే వాళ్ళ తిండి. మేరీకి తల్లి ఉందని తెలిస్తే, ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేశారని ఆ సంఘంవాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ పిల్లల గతేం కావాలి. "రూతమ్మా, మీవాళ్ళకు మేరీ బాగుంది, టీచరు ఉద్యోగం చేసిందని చెప్పు. తల్లి సంగతి ఎత్తకు. చచ్చిన మనిషిగా ఉండటానికి మా అమ్మకే అభ్యంతరం లేనప్పుడు నాకేంటి" అన్నాను. అమ్మ కూడా అవునన్నట్టు తల ఊపింది.

"అట్టా గుదరదు" అంది రూతు. లేచి నిలబడింది, మోకాళ్ళు పట్టేసి మంచం పట్టె పట్టుకుంది. "మేరీకి తల్లి ఉందని చెప్తా. మా మేనత్త గూచున్న చర్చి బెంచీల కాడ నిలబడి చెప్తా. తల్లి ఉంటే ఆ పిల్ల అట్టా ఎందుకుంది, ఆ తల్లి యాడికి బొయ్యింది అని అడుగుతారు గదా."

"అడుగుతారు. ఏం చెప్తావు?"

"నా కాడ ఉందని చెప్తా."